పాత ట్యాంకుకు కొత్త ప్రాణం: నిజాం సేన నుంచి పూనా హార్స్ దాకా తారాపోర్ ప్రయాణం

2025 మార్చి 7న మన రక్షణ శాఖ రష్యా ప్రభుత్వ సంస్థ రోసోబోరాన్‌ఎక్స్‌పోర్ట్‌తో ఒక ఒప్పందం కుదుర్చుకుంది. విలువ 24.8 కోట్ల డాలర్లు. సైన్యంలో ఉన్న టీ-72 ట్యాంకుల్లోని 780 హార్స్ పవర్ ఇంజిన్లను తీసేసి 1000 హార్స్ పవర్ ఇంజిన్లు బిగించడానికి ఈ ఒప్పందం. చెన్నై దగ్గర ఆవడిలో ఉన్న హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీకి ఆ పరిజ్ఞానం కూడా అందుతుంది. టీ-72 సోవియట్ సైన్యంలో చేరింది 1973లో. అంటే యాభై ఏళ్లు దాటిన డిజైన్ మీద మళ్లీ కోట్లు పెడుతున్నామన్నమాట.

పాత ట్యాంకు మీద ఇంత ఖర్చు దేనికి అనే ప్రశ్న సహజంగానే వస్తుంది. కొత్తవి కొనుక్కోలేమా? డ్రోన్లు ఆకాశం నుంచి బాంబులు జారవిడుస్తున్న ఈ రోజుల్లో ట్యాంకు పనికొస్తుందా? ఈ ప్రశ్నలకు లెక్కలతో జవాబు చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాట వినేముందు, హైదరాబాద్ నిజాం సేనలో బతుకు మొదలుపెట్టి, సియాల్‌కోట్ పొలాల్లో పాత ట్యాంకు పక్కన ప్రాణం వదిలిన ఒక మనిషి జీవితాన్ని చూడటం మేలు. ఆయన లెఫ్టినెంట్ కల్నల్ అర్దేషిర్ బుర్జోర్జీ తారాపోర్. పరమవీర చక్ర అందుకున్నవారిలో అందరికంటే పెద్ద హోదా ఆయనదే.

ఊరి పేరు తారాపూర్, ఉద్యోగం హైదరాబాద్

తారాపోర్ 1923 ఆగస్టు 18న బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో పుట్టాడు. ఆ వంశంలో ఎనిమిది తరాల కింద రతన్‌జీబా అనే పూర్వీకుడు శివాజీ సైన్యంలో నాయకుడుగా పనిచేశాడనీ, అందుకు వంద గ్రామాలు ఇనాముగా వచ్చాయనీ కుటుంబ చరిత్ర. వాటిలో ముఖ్యమైన ఊరు తారాపూర్. ఈనాడు అణు విద్యుత్ కేంద్రంతో దేశమంతా ఎరిగిన మహారాష్ట్ర తీరపు ఊరు అదే. ఇంటిపేరు అక్కడి నుంచి వచ్చింది.

తాత కాలంలో ఆ కుటుంబం హైదరాబాద్ చేరింది. నిజాం సర్కారు కొలువులో కుదురుకుంది. తండ్రి కస్టమ్స్ శాఖలో పనిచేసేవాడు. పారశీకం, ఉర్దూ బాగా చదువుకున్నవాడు. అప్పటి హైదరాబాద్‌లో పార్సీలు కొద్దిమందే అయినా పాలనలో, వ్యాపారంలో వాళ్లకు మంచి పేరుండేది. ఏడేళ్ల వయసులో కుర్రాణ్ణి పుణెలోని సర్దార్ దస్తూర్ బాలుర బోర్డింగ్ స్కూలుకు పంపారు. చదువులో అంతంతమాత్రమే అయినా ఆటల్లో ముందుండేవాడు. 1940లో మెట్రిక్ పూర్తిచేశాడు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం మొదలై ఏడాది కావొస్తోంది. సైన్యానికి దరఖాస్తు పెట్టాడు. గోల్కొండలోని ఆఫీసర్ల శిక్షణ పాఠశాలలో, తర్వాత బెంగళూరులో తర్ఫీదు పొంది, 1942లో ఏడవ హైదరాబాద్ పదాతి దళంలో సెకండ్ లెఫ్టినెంట్‌గా చేరాడు.

కాలిబంట్ల దళంలో ఉండటం ఆయనకు ఇష్టం లేదు. మనసంతా కవచ వాహనాల మీద ఉండేది. ఆ కోరిక తీరడానికి ఒక ప్రమాదం కారణమైంది. చేతిబాంబులు విసరడం నేర్పుతున్న సమయంలో ఒక కొత్త సిపాయి బాంబును సరిగా విసరలేక అక్కడే గోతిలో జారవిడిచాడు. తారాపోర్ గోతిలోకి దూకి, దాన్ని తీసి అవతలకు విసిరాడు. చేతిలోంచి వెళ్లీ వెళ్లకముందే అది పేలింది. పెంకులు ఛాతీకి తగిలాయి. ఈ ఘటనను హైదరాబాద్ సేనల అధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ కళ్లారా చూశాడు. గాయం మానాక పిలిపించి మెచ్చుకున్నాడు. అదే అదనుగా తనను కవచ దళానికి మార్చమని తారాపోర్ అడిగాడు. అలా ఆయన ఒకటవ హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్‌లో చేరాడు.

గుర్రం దిగి, ఇనుప బండి ఎక్కి

లాన్సర్స్ అంటే బల్లెం పట్టిన ఆశ్వికులు. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లు కలిసి పాలస్తీనా ప్రాంతంలో గుర్రాల మీదే పోరాడారు. దిల్లీ తీన్‌మూర్తి కూడలిలో ఉన్న మూడు కంచు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల సైనికులవే. ఆ విగ్రహాల్లో ఒకటి మన హైదరాబాద్ సైనికుడిదని తెలిసినవాళ్లు తక్కువ.

పాతికేళ్లు తిరిగేసరికి గుర్రాలు పోయాయి. పేరు మాత్రం లాన్సర్స్‌గానే మిగిలింది. తారాపోర్ పశ్చిమాసియాలో పనిచేసింది ఈ కొత్త కాలపు లాన్సర్స్‌తోనే. అంటే ఆయన చేరిన దళమే, సామాన్లు మార్చుకుని, కొత్త పనికి సిద్ధమైన పాత దళం.

ఈ వ్యాసం రాస్తున్న సిద్ధగోరా జంషెడ్‌పూర్‌లో ఒక పేట. అదే యుద్ధకాలంలో ఈ ఊరి ఉక్కు కార్ఖానాకు ఒక కొత్త పని పడింది: తుపాకీ గుండు దూరని కవచపు రేకు తయారుచేయడం. కెనడా నుంచి వచ్చిన ఫోర్డ్ చాసిస్ మీద ఆ రేకులను బిగించి, రైల్వే వర్క్‌షాపుల్లో నాలుగు చక్రాల కవచ బండ్లు కట్టారు. నాలుగు వేలకు పైగా తయారయ్యాయి. సైనికులు వాటిని ఊరి పేరుతో టాటానగర్ అని పిలిచేవారు. అది ట్యాంకు కాదు. కానీ విదేశీ చట్రం, స్వదేశీ ఉక్కు, రైల్వే మెకానిక్కుల చేతిపని కలిపి పోరాటానికి పనికొచ్చే బండిని తయారుచేయడం మన దేశానికి అప్పుడు అలవడింది. ఆవడి ఫ్యాక్టరీ ఈరోజు టీ-72కు చేస్తున్న పని ఆ కోవలోదే.

1948: ఓడిన సైన్యపు అధికారి

దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా హైదరాబాద్ సంస్థానం విడిగానే ఉండిపోయింది. గ్రామాల్లో రజాకార్ల దాడులు, రైతుల సాయుధ పోరాటం, సరిహద్దుల్లో ఆర్థిక దిగ్బంధం. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించింది. పోలీసు చర్య అని పిలిచినా కదిలింది సైన్యమే, అందులోనూ ఒకటవ ఆర్మర్డ్ డివిజన్. దాని అధిపతి మేజర్ జనరల్ జయంతో నాథ్ చౌధురి. ఐదు రోజుల్లో అంతా ముగిసింది. సెప్టెంబరు 18న చౌధురి ముందు లొంగుబాటుకు వచ్చినవాడు ఎల్ ఎద్రూస్. ఆరేళ్ల కింద తారాపోర్‌ను కవచ దళానికి మార్చిన అధికారి.

ఓడిన సైన్యంలోని అధికారులకు ఏ గతి పడుతుంది? చాలామంది ఇళ్లకు వెళ్లారు. కొందరిని పరీక్షించి భారత సైన్యంలోకి తీసుకున్నారు. తారాపోర్ ఆ కొందరిలో ఒకడు. 1951 ఏప్రిల్ 1న ఆయన పూనా హార్స్‌లో, అంటే 17వ హార్స్‌లో, చేరాడు. 1817లో పుట్టిన రెజిమెంటు అది. ఆ రెజిమెంటు అధికారులకు ఆయన బయటి సేన నుంచి వచ్చినవాడు. చిన్నప్పుడు పుణె బడిలో చదివిన కుర్రాడు ఆ ఊరి పేరున్న రెజిమెంటులోకి నిజాం సేన మీదుగా చుట్టు తిరిగి చేరాడు.

పాత సంస్థానపు సేనల నుంచి పనికొచ్చే మనుషులను ఏరి, కొత్త శిక్షణ ఇచ్చి, జాతీయ సైన్యంలో కలిపిన ఈ ప్రక్రియ గురించి మనం ఎక్కువగా మాట్లాడుకోం. ఓడిన పక్షం నుంచి వచ్చాడని తారాపోర్‌ను పక్కన పెట్టి ఉంటే 1965లో పూనా హార్స్‌కు ఆ నాయకుడు ఉండేవాడు కాదు. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఆయన సంస్థానాన్ని లొంగదీసిన ఒకటవ ఆర్మర్డ్ డివిజన్‌లోనే ఆయన 1965లో పోరాడాడు. ఆనాటి డివిజన్ అధిపతి చౌధురే 1965లో భారత సైన్యాధిపతి.

సెంచూరియన్: పుట్టినప్పుడే ఆలస్యం

పూనా హార్స్‌లో తారాపోర్ చేతికి వచ్చిన యంత్రం సెంచూరియన్. దాని వాడకం నేర్చుకోవడానికి ఆయన ఇంగ్లండు వెళ్లి కోర్సు చేసి వచ్చాడు.

సెంచూరియన్ కథ పాత ట్యాంకును ఎలా బతికించుకోవాలో చెప్పే పాఠ్యపుస్తకం లాంటిది. జర్మన్ ట్యాంకుల దెబ్బకు తట్టుకోలేక బ్రిటిష్‌వాళ్లు 1943లో దాని డిజైన్ మొదలుపెట్టారు. తొలి నమూనా బండ్లు 1945 మేలో యూరప్ చేరేసరికి అక్కడ యుద్ధం ముగిసిపోయింది. ఏ యుద్ధం కోసం కట్టారో ఆ యుద్ధంలో అది పోరాడలేదు. తర్వాతి యుద్ధాలన్నీ అదే చేసింది. కొరియా, సూయజ్, వియత్నాం, పశ్చిమాసియా, మన దేశం.

ఎలా సాధ్యమైంది? డిజైన్ చేసినవాళ్లు లోపల చోటు ఉంచారు. మొదట దానికి 17 పౌండర్ ఫిరంగి ఉండేది. యుద్ధం ముగిసిన కొద్ది ఏళ్లకే 20 పౌండర్ వచ్చింది. 1959 తర్వాత అదే టరెట్‌లో 105 మిల్లీమీటర్ల ఎల్-7 ఫిరంగి కూర్చుంది. టరెట్ తిరిగే ఉంగరం వెడల్పు చాలకపోతే, వెనక్కి తన్నే ఫిరంగికి లోపల జాగా లేకపోతే ఇవేవీ కుదరవు. చిన్న ట్యాంకులో పెద్ద ఫిరంగి పెట్టడమంటే ఇరుకు వంటింట్లో పెద్ద గంగాళం పెట్టినట్టే. గంగాళం పడుతుంది కానీ వంట చేసేవాడు నిలబడలేడు.

రెండోది స్టెబిలైజర్. బండి గుంటలూ గట్లూ దాటుతుంటే ఫిరంగి గొట్టం లక్ష్యం వైపే నిలిచి ఉండేలా చూసే ఏర్పాటు. అప్పట్లో చాలా ట్యాంకులకు అది లేదు.

లోపాలూ తక్కువేమీ కావు. యాభై టన్నుల బరువు. 650 హార్స్ పవర్ మీటియర్ ఇంజిన్, అంటే స్పిట్‌ఫైర్ విమానం నడిపిన మెర్లిన్ ఇంజిన్‌కు నేల మీది రూపం. టన్నుకు 13 హార్స్ పవర్ మాత్రమే. రోడ్డు మీద గంటకు 35 కిలోమీటర్లు దాటేది కాదు. అన్నిటికంటే పెద్ద లోపం, అది పెట్రోలుతో నడిచేది. షెల్ తగిలి లోపల నిప్పు పడితే మనుషులు బయటపడటానికి సెకన్లే ఉండేవి.

అవతలి పక్షం చేతిలో అమెరికా ఇచ్చిన ప్యాటన్లు ఉన్నాయి. వాటి 90 మిల్లీమీటర్ల ఫిరంగి, 810 హార్స్ పవర్ ఇంజిన్, దూరాన్ని కొలిచే పరికరం, గురి లెక్కగట్టే యంత్రం అన్నీ కాగితం మీద సెంచూరియన్‌ కంటే ఆధునికమే. వేగం కూడా ఎక్కువే.

1965 సెప్టెంబరు: ఫిలోరా

కచ్ తర్వాత కశ్మీర్‌లో మొదలైన ఘర్షణ సెప్టెంబరు నాటికి పూర్తి యుద్ధంగా మారింది. అఖ్నూర్ వైపు పాకిస్తాన్ ఒత్తిడి తగ్గించడానికి భారత సైన్యం పంజాబ్ సరిహద్దు దాటింది. సియాల్‌కోట్ రంగంలో ముందుకు వెళ్లే పని ఒకటవ ఆర్మర్డ్ డివిజన్‌కు అప్పగించారు. డివిజన్ అధిపతి మేజర్ జనరల్ రాజీందర్ సింగ్. అందరూ స్పారో అని పిలిచేవారు. సెప్టెంబరు 8న దాడి మొదలైంది. గడ్‌గోర్ దగ్గర తొలిరోజే గట్టి ప్రతిఘటన ఎదురైంది. ఆ తర్వాత రెండు రోజులు డివిజన్ ఆగిపోయింది. ఆ విరామం శత్రువుకు బలగాలు చేర్చుకునే వ్యవధి ఇచ్చిందని తర్వాత విమర్శలు వచ్చాయి.

సెప్టెంబరు 11న ఫిలోరా. చెరకు తోటలు, మొక్కజొన్న చేలు, మట్టి ఇళ్ల ఊళ్లు. ఎటు చూసినా కొన్ని వందల గజాలకు మించి కనిపించదు. పూనా హార్స్, హాడ్సన్స్ హార్స్ రెజిమెంట్లు ఊరిని చుట్టుముట్టే ఎత్తుతో కదిలాయి. వజీర్‌వాలి వైపు నుంచి పాక్ ట్యాంకులు ఎదురుదాడికి వచ్చాయి. తారాపోర్ తన చోటు వదలకుండా ఆ దాడిని అడ్డుకుని, ఒక స్క్వాడ్రన్‌తో, పదాతి దళం అండతో ఫిలోరా మీదికి వెళ్లాడు. ట్యాంకుల షెల్లింగ్, శతఘ్నుల షెల్లింగ్ ఆగకుండా పడుతూనే ఉన్నాయి. షెల్ పెంకు తగిలి చెయ్యి గాయపడింది. వెనక్కి పంపుతామంటే వినలేదు. కట్టు కట్టించుకుని ట్యాంకు ఎక్కాడు.

ఆ ట్యాంకు పేరు ఖుషాబ్. 1857లో పారశీక దేశంలో ఆ రెజిమెంటు గెలిచిన యుద్ధం పేరు అది. ట్యాంకు కమాండర్ టరెట్ మూత మూసుకుని కూర్చుంటే క్షేమంగా ఉంటాడు గానీ సన్నని గాజు సందుల్లోంచి తప్ప ఏమీ చూడలేడు. మూత తెరిచి, తల బయట పెడితేనే చుట్టూ ఏం జరుగుతోందో తెలుస్తుంది. మన కమాండర్లు చాలామంది అలాగే పోరాడారు. అందుకే వారిలో మరణాలు ఎక్కువ.

ఆ సాయంత్రానికి ఫిలోరా మన చేతికి వచ్చింది.

బుతుర్-డోగ్రాండి

ఫిలోరా తర్వాత గమ్యం చవిండా. రైలు మార్గం మీద ఉన్న ఆ పట్టణం దొరికితే సియాల్‌కోట్‌కు దారి తెరుచుకుంటుంది. 14న తారాపోర్ రెజిమెంటు వజీర్‌వాలిని పట్టుకుంది. గాయం మానలేదు. విశ్రాంతి తీసుకోలేదు.

16న జస్సోరాన్, బుతుర్-డోగ్రాండి ఊళ్లను పట్టుకుని, చవిండాకు వెనక వైపు నుంచి దారి చేయాలన్నది పథకం. పూనా హార్స్‌కు తోడు 8వ గఢ్‌వాల్ రైఫిల్స్. ఆ రోజంతా ఖుషాబ్‌కు దెబ్బ మీద దెబ్బ తగిలింది. తారాపోర్ రెండు చోట్లా ట్యాంకులను నిలబెట్టి పదాతి దళానికి అండగా ఉన్నాడు. సాయంత్రం అవుతుండగా శత్రువు షెల్‌కు ఆయన బలయ్యాడు. వయసు 42. గఢ్‌వాల్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కల్నల్ జిరాద్ కూడా ఆ పోరులోనే చనిపోయాడు. ఒకరు పార్సీ, ఒకరు యూదు. దేశ జనాభాలో లెక్కకు రానంత చిన్న సమాజాల నుంచి వచ్చిన ఇద్దరు అధికారులు ఒకే ఊరి పొలాల్లో ఒరిగారు.

యుద్ధానికి ముందే తారాపోర్ తన తర్వాతి అధికారికి కొన్ని సంగతులు చెప్పి ఉంచాడు. చనిపోతే యుద్ధభూమిలోనే దహనం చేయాలి. ప్రార్థన పుస్తకం తల్లికి, మెడలో గొలుసు భార్యకు, ఉంగరం కూతురికి, కలం కొడుకుకు చేరాలి. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పార్సీ సంప్రదాయంలో దహనం లేదు, శవాన్ని దఖ్మాకు చేరుస్తారు. ఆయన తన సైనికుల దారినే ఎంచుకున్నాడు. షెల్లింగ్ మధ్యే చితి పేర్చారు. అంత్యక్రియలు జరుగుతున్నంతసేపూ అవతలి ఫిరంగులు మౌనంగా ఉన్నాయని రెజిమెంటులో చెప్పుకుంటారు.

పరమవీర చక్ర ప్రశస్తి ప్రకారం ఆ రోజుల్లో పూనా హార్స్ దాదాపు 60 శత్రు ట్యాంకులను ధ్వంసం చేసి, తనవి తొమ్మిది మాత్రమే పోగొట్టుకుంది. ఇది మన పక్షపు అధికారిక లెక్క. పాకిస్తాన్ లెక్కలు వేరు. ఇంకో నిజాన్నీ దాచకూడదు. చవిండా మనకు దక్కలేదు. తర్వాతి రోజుల్లో జరిగిన దాడీ విఫలమైంది. సెప్టెంబరు 23న కాల్పుల విరమణ జరిగేటప్పటికి ఆ పట్టణం పాక్ చేతిలోనే ఉంది. రెజిమెంటు తన పోరు గెలిచింది. డివిజన్ తన గమ్యం చేరలేదు.

పాతదే ఎందుకు నిలిచింది?

యుద్ధం తర్వాత సైనిక విశ్లేషకులు ఈ లెక్క తేల్చడానికి కూర్చున్నారు. కొత్త ప్యాటన్ ముందు పాత సెంచూరియన్ ఎలా నిలబడింది?

మొదటి కారణం నేల. చెరకు తోటల్లో పోరు దగ్గర నుంచి జరుగుతుంది. ప్యాటన్‌లోని దూరం కొలిచే పరికరం మూడు కిలోమీటర్ల అవతలి లక్ష్యానికి వరం. ఆరేడు వందల గజాల్లో ఎదురుపడినప్పుడు, మీటలు తిప్పి లెక్క తీసేవాడి కంటే కంటితో అంచనా వేసి ముందు కొట్టేవాడే బతుకుతాడు. రెండో కారణం మందుగుండు. 20 పౌండర్ గొట్టం పాతదే అయినా దాని కవచభేదక గుండు కొత్తది. ఉక్కును చీల్చే గట్టి లోహపు ముక్క, చుట్టూ గాలిలో ఊడిపోయే తేలిక తొడుగు. పాత ఫిరంగికి కొత్త గుండు అందించడం కూడా ఆధునికీకరణే, అదీ తక్కువ ఖర్చుతో. మూడోది కవచం. ఖుషాబ్ ఆ రోజు అన్ని దెబ్బలు తిని కూడా కదులుతూ ఉందంటే ఆ మందం వల్లే.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది, సిబ్బంది. పదేళ్లుగా అదే ట్యాంకు మీద సాధన చేసిన గన్నర్లు వాళ్లు. ఏ బోల్టు ఎప్పుడు వదులవుతుందో, ఏ గేరు ఎక్కడ మొరాయిస్తుందో వాళ్లకు తెలుసు. పాత బండిలో ఉండే ఈ చనువు కొత్త బండిలో ఏళ్లు గడిస్తే గానీ రాదు.

అవే రోజుల్లో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర ఇంకో పాఠం కనిపించింది. సెప్టెంబరు 8 నుంచి 10 వరకు అక్కడ ప్యాటన్లను అడ్డుకున్న మూడు కవచ రెజిమెంట్లలో ఒకటి డెక్కన్ హార్స్. దాని మూలాలు నిజాం కంటింజెంట్‌లో, అంటే మన హైదరాబాద్‌లోనే, ఉన్నాయి. ఆ రెజిమెంటు చేతిలో ఉన్నవి రెండో ప్రపంచ యుద్ధపు షెర్మన్లు, సెంచూరియన్‌ కంటే కూడా పాతవి. మన సైన్యపు షెర్మన్లలో కొన్నింటికి ఫ్రెంచి 75 మిల్లీమీటర్ల ఫిరంగి బిగించారు. ఫిరంగి మారినా కవచం మాత్రం పలచగానే ఉంది, ప్యాటన్ షెల్ తగిలితే ఆగేది కాదు. కాబట్టి మన దళాలు గుర్రపు నాడా ఆకారంలో మాటు వేసి, నీళ్లు పారించి బురద చేసిన పొలాల్లోకి శత్రువును రానిచ్చి కొట్టాయి. పాత ట్యాంకు బలహీనత ఏమిటో తెలిసిన సైన్యం దానికి తగిన పోరాటం ఎంచుకుంది. ఫిరంగి మార్చడం సగం పనే, మిగతా సగం దాని హద్దులు తెలుసుకోవడం.

తారాపోర్ తర్వాత సెంచూరియన్

ఆరేళ్లకు 1971 డిసెంబరు 16న బసంతర్ నది ఒడ్డున అదే పూనా హార్స్, అవే సెంచూరియన్లతో, మళ్లీ ప్యాటన్లను ఎదుర్కొంది. 21 ఏళ్ల సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ మంటలంటుకున్న తన ఫామగుస్తా ట్యాంకును వదలమని ఆదేశం వచ్చినా వదలకుండా పోరాడి చనిపోయాడు. ఆయనకూ పరమవీర చక్ర. ఒకే రెజిమెంటుకు, ఒకే రకం ట్యాంకు మీద, రెండు పరమవీర చక్రలు. రెండింట్లోనూ ఆ ట్యాంకు గెలిపించిందీ నిజమే, కాపాడలేకపోయిందీ నిజమే.

ఇజ్రాయెల్ ఆ లోపం మీదే పనిచేసింది. 1970 నుంచి తన సెంచూరియన్లలో పెట్రోలు ఇంజిన్ తీసేసి, అమెరికా డీజిల్ ఇంజిన్, దాంతోపాటు ఆటోమేటిక్ గేరుబాక్సు బిగించింది. ఆ డీజిల్ ఇంజిన్ ప్యాటన్ కుటుంబపు బండ్లకు వాడినదే. పాత ప్రత్యర్థి గుండె తెచ్చి సెంచూరియన్‌లో పెట్టారన్నమాట. 1973 అక్టోబరులో గోలాన్ గుట్టల మీద ఆ బండ్లే తమకంటే ఎన్నో రెట్లు ఎక్కువ సంఖ్యలో వచ్చిన సిరియా ట్యాంకులను నిలువరించాయి. దక్షిణాఫ్రికా అదే సెంచూరియన్‌ను ఒలిఫాంట్ పేరుతో తిరగరాసింది. 1943లో కాగితం మీద గీసిన బండి మరో శతాబ్దంలోకి నడిచివెళ్లింది.

మన దేశం వేరే దారి పట్టింది. 1960ల మధ్య నుంచి ఆవడిలో విజయంత తయారీ మొదలైంది. దానికి అదే 105 మిల్లీమీటర్ల ఎల్-7 ఫిరంగి. తర్వాత సోవియట్ టీ-55లకూ 100 మిల్లీమీటర్ల ఫిరంగి తీసి, ఈ 105నే పెట్టారు. రెండు రకాల బండ్లకు ఒకే గుండు సరిపోతే సరఫరా సులువవుతుంది. యుద్ధంలో తప్పు గుండు వచ్చిందనే మాట ఉండదు. ఆపై టీ-72 వచ్చింది. ఇప్పుడు దాని వంతు.

ఇంజిన్ మారితే సరిపోతుందా?

టీ-72 బరువు 41 టన్నులు. 780 హార్స్ పవర్ అంటే టన్నుకు 19. వెయ్యికి పెరిగితే 24. లెక్కకు ఇది పెద్ద మెరుగుదలే. అదనపు కవచం, పేలుడు రేకులు బిగించినా బండి ఈడ్చుకోకుండా పోతుంది. ఎడారి ఇసుకలో, లద్దాఖ్ పలచని గాలిలో ఆ తేడా తెలుస్తుంది.

కానీ సెంచూరియన్ చరిత్ర చెప్పేదేమిటంటే, ఏ ఒక్క భాగం మార్చినా ట్యాంకు కొత్తది కాదు. ఇంజిన్ బలపడితే గేరుబాక్సు, గొలుసు చక్రాలు ఆ బలాన్ని మోయాలి. రాత్రిపూట చూసే థర్మల్ సైటు లేకపోతే వేగం గుడ్డివాడి పరుగవుతుంది. టీ-72లో షెల్లు సిబ్బంది కాళ్ల కిందే ఉంటాయి. కవచం ఛేదిస్తే టరెట్ ఎగిరిపోవడం ఉక్రెయిన్ వీడియోల్లో ప్రపంచమంతా చూసింది. సెంచూరియన్‌కు పెట్రోలు ఎలాంటి లోపమో టీ-72కు ఈ అమరిక అలాంటి లోపం. ఇంజిన్ మార్పు దాన్ని తీర్చదు. పైనుంచి వచ్చే డ్రోన్ ముప్పునూ తీర్చదు.

అందుకే ఈ ఒప్పందాన్ని చూసి సంబరపడటమో, దండగ ఖర్చని కొట్టిపారేయడమో రెండూ తొందరపాటే. అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఇంజిన్‌తోపాటు సైట్లు, రేడియోలు, డ్రోన్‌ను అడ్డుకునే ఏర్పాట్లు ఎప్పుడు? కొత్త గుండ్లు ఎన్ని? గన్నర్‌కు ఏడాదికి ఎన్నిసార్లు నిజమైన షెల్ పేల్చే అవకాశం ఇస్తున్నాం? బడ్జెట్ కోతలు పడినప్పుడు మొదట తగ్గేది ఈ చివరిదే. 1965లో ఫలితం తేల్చింది మాత్రం ఇదే.

2023 జనవరి 23న అండమాన్ దీవుల్లో పేరు లేని 21 దీవులకు పరమవీరుల పేర్లు పెట్టారు. వాటిలో ఒకటి తారాపోర్ దీవి. హైదరాబాద్‌లో పెరిగి, గోల్కొండలో కవాతు నేర్చుకుని, ఓడిపోయిన సంస్థానపు సేన నుంచి వచ్చి, జాతీయ సైన్యపు అత్యున్నత పతకం పొందిన మనిషికి అది తగిన గౌరవమే. అంతకంటే మేలైన గౌరవం ఇంకొకటి ఉంది. ఈ రోజు పాత టీ-72 టరెట్‌లోంచి తల బయట పెట్టి నిలబడే కుర్రాడికి, ఆ తల మళ్లీ ఇంటికి చేరేలా బండినీ, శిక్షణనూ కలిపి ఇవ్వడం.